గుప్పెడు కాయ

మొహిద్దీన్ బాషా గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లుగా కమీషన్ వ్యాపారి. బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి కొనేవాడి అరచేతిలో పెడితే చాలు, మిగతాదంతా ఆ కాయే మాట్లాడుకుంటుంది అంటాడు. ఆయనకున్న గర్వం ఒక్కటే. ఇన్నేళ్లలో ఒక బస్తా కాయ చూపించి ఇంకో బస్తా ఎవరికీ అంటగట్టలేదు.

అలాంటి మనిషి మాట మనవడు యూసుఫ్ విషయంలో మాత్రం ఎక్కడా చెల్లలేదు.

యూసుఫ్‌కు ఏడేళ్లు. ఆటిజం అని డాక్టరు చెప్పి మూడేళ్లయింది. మాటలు తక్కువ. గిన్నె మూత ఒకటి దొరికితే నేల మీద గిరగిర తిప్పుతూ పూటంతా గడిపేస్తాడు. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. బడిలో బెల్లు మోగితేనే చిక్కు. చెవులు మూసుకుని గేటు దాటి పరిగెడతాడు. గేటు అవతల నల్లపాడు రోడ్డు. రోడ్డు నిండా మిర్చి లారీలు.

"బాషాగారూ, నా క్లాసులో నలభై మంది. మీవాడి వెనక నేను పరిగెత్తితే, నా వెనక మిగతా ముప్ఫై తొమ్మిది మందీ పరిగెడుతున్నారు," అన్నాడు హెడ్మాస్టరు యేసుపాదం. "విద్యాశాఖ కమిటీ నుంచి కాగితం తెండి, ప్రత్యేక టీచరును వేస్తారు. జూన్‌లోగా రాకపోతే ఇంట్లోనే ఉంచుకోండి. లారీకి నేను అడ్డం పడలేను."

కమిటీ మూడు నెలలకోసారి గుంటూరులో కూర్చుంటుంది. డాక్టరు చీటీ వాళ్లకు చెల్లదు. వాళ్ల కళ్లే చూడాలి. ఆ కళ్లు ఒక్కో పిల్లవాణ్ణి ఐదు నిమిషాలు చూస్తాయి. ప్రతిసారీ కొత్త అధికారి వస్తాడు. పాతాయన పని నేర్చుకునే సరికి బదిలీ అయిపోతాడు కాబోలు.

మొదటిసారి యూసుఫ్ బల్ల మీది పెన్నులన్నీ వరుసగా పేర్చి కూర్చున్నాడు.

"ఎంత బుద్ధిమంతుడమ్మా. మావాడు ఇలా ఒక్క రోజుంటే కొబ్బరికాయ కొడతాను," అని ఆ అధికారి 'అవసరం లేదు' అని రాశాడు.

రెండోసారి యూసుఫ్ తల పైకెత్తి ఫ్యాను చూస్తూ ఉండిపోయాడు.

"ఒక్క పూట బడికొచ్చి చూడండి సార్," అంది కోడలు ఖైరున్నీసా. "బెల్లు మోగితే చెయ్యి కొరుక్కుంటాడు. రక్తం వస్తుంది."

"ఇక్కడ బెల్లు లేదు కదమ్మా."

"ఫ్యాను చూడండి సార్, వచ్చినప్పటి నుంచీ కళ్లు తిప్పలేదు."

"ఫ్యాను చూస్తే ఆటిజమా? అలాగైతే మా ఆఫీసు మొత్తానికీ టీచర్లను వేయాలి."

తన జోకుకు తనే నవ్వుకుని, ఆయనా 'అవసరం లేదు' అని రాశాడు.

బయటికి వస్తూ బాషా గోడ మీద పోస్టరు ముందు ఆగాడు. 'ఆటిజం పిల్లలు ఇలా ఉంటారు' అని బొమ్మలతో సహా వేసి ఉంది. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

"చూశావా అమ్మా, కొనేవాడు తనకేం కావాలో గోడకు అంటించి కూర్చున్నాడు. మనం అది చదవకుండా సరుకు చూపించాం."

"వాడు సరుకు కాదు మామయ్యా."

"నీకూ నాకూ కాదు. ఆ బల్ల ముందు నిలబడ్డంతసేపూ సరుకే."

మూడోసారి కమిటీ కూర్చునేనాటికి జూన్‌కు ఇంకా పది రోజులుంది. ముందు రోజు బాషా పొదిలిలో పనుందని పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చాడు. తెల్లవారి ఖైరున్నీసా ఇంట్లోనే ఉండిపోయింది. మనవణ్ణి వెంటబెట్టుకుని బాషా ఒక్కడే వెళ్లాడు.

ఈసారి ఒక మేడమ్ వచ్చింది. ఆధార్ కార్డు చూసింది. అందులో ఫొటో ఏడాది వయసుది.

"ఇందులో బొద్దుగా ఉన్నాడే."

"మీ కమిటీ చుట్టూ తిరిగి చిక్కిపోయాడమ్మా."

ఆమె నవ్వలేదు. "యూసుఫ్," అని పిలిచింది. పిల్లవాడు పలకలేదు. గట్టిగా పిలిచింది. తల కూడా తిప్పలేదు. మూడోసారి బల్ల మీద చరిచి పిలిచినా అంతే. ఆమె ముఖం వెలిగింది. కాగితం మీద మొదటి గడిలో టిక్కు పెట్టింది.

అంతలో వాడు లేచి గది మధ్యలో గుండ్రంగా తిరిగాడు. చేతులు రెక్కల్లా ఆడించాడు. ఆమె కళ్లలోకి ఒక్కసారీ చూడలేదు. ఆమె అన్న మాటే ఆమెకు తిరిగి అప్పజెప్పాడు. గోడ మీద బొమ్మలు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో. ఆమె టిక్కులు పెట్టుకుంటూ పోయింది. నాలుగు నిమిషాల్లో గడులన్నీ నిండిపోయాయి. ఒక నిమిషం మిగిలింది కూడా.

ఆ నిమిషం బాషాకు బుద్ధి చెప్పడానికి వాడుకుంది.

"ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారండీ? ఇంటి పెద్దలకు ఆ మాత్రం అవగాహన ఉండొద్దా?"

"తప్పేనమ్మా. చూపించడం తెలియలేదు."

ముద్ర పడింది. జూన్ నుంచి యూసుఫ్‌కు ప్రత్యేక టీచరు.

బాషా వరండాలోంచే కోడలికి ఫోన్ చేశాడు.

"వచ్చిందమ్మా కాగితం."

అటువైపు నేల మీద గిన్నె మూత గిరగిర తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఫోన్ జేబులో పెట్టుకుని, కారం అంటినట్టు అరచేతిని చొక్కాకు తుడుచుకున్నాడు.

"తాతా, అచ్చం యూసుఫ్ లాగే చేశాను కదా?" అని అడిగాడు, నిన్న పొదిలి నుంచి తీసుకొచ్చిన ఆయన కూతురి కొడుకు అష్రఫ్.