మూడో తరం ఎలుకలు

గాలికి తలుపు దభాలుమని కొట్టుకుంది. ఉయ్యాల్లో ఉన్న గుల్నార్ గుక్కపట్టి ఏడ్చింది. పాలు వెచ్చబెడుతున్న మహ్‌రోఖ్ చేతిలో గిన్నె ఒలికింది.

"చూడు, తల్లీ పిల్లా ఒక్కలాగే ఎగిరిపడ్డారు," అంది అత్తగారు, చక్కెర ముక్క బుగ్గన పెట్టుకుని టీ చప్పరిస్తూ. "ఈ బెదురు మా ఇంటా వంటా లేదమ్మా. పుట్టింటి నుంచి నువ్వు తెచ్చింది ఇదొక్కటే."

మహ్‌రోఖ్ ఒలికిన పాలు తుడిచింది. ఆమెకి పుట్టిల్లంటూ లేదు. యుద్ధంలో దెజ్‌ఫూల్ ఊరి మీద క్షిపణులు పడుతున్న రోజుల్లో పుట్టింది. తల్లి శిథిలాల కింద పోయింది. అనాథాశ్రమంలో, వరసగా వేసిన మంచాల్లో, ఎత్తుకునే చెయ్యి లేక పెరిగింది. భర్తది ఎక్కడో దూరాన గ్యాస్ బావుల దగ్గర పని. ఫోనులో చెప్పుకునే దిగులు కాదిది. తన భయం బిడ్డకి అంటుకుందా? ఆమెకి కావలసింది ఆ ఒక్క జవాబే.

ఆ జవాబు కోసమే ఇస్ఫహాన్‌లో ఆమె పనిచేసే పరిశోధనశాలలో ఎలుకల మీద ప్రయోగం జరుగుతోంది. కళ్లు తెరవని మగ ఎలుకపిల్లల్ని రోజూ కొంతసేపు తల్లి నుంచి విడదీయాలి. ఎదురుగదిలో ఒంటరిగా ఉంచాలి. మళ్లీ తల్లి గూట్లో చేర్చాలి. ఆ పని మహ్‌రోఖ్‌ది. అలా పెరిగినవి జన్మంతా బెదురుగానే ఉంటాయట. ఆ బెదురు బీజంలో గుర్తుగా మిగిలి వాటి పిల్లలకీ వస్తుందా? లేక కొత్త ప్రాణం పోసుకునేటప్పుడు బీజకణాలు పాత గుర్తుల్ని తుడిచేసుకుంటాయా?

"ఎలుకల్లో తండ్రి పిల్లల్ని పెంచడు," అని చెప్పింది ఆ ప్రయోగం నడిపే డాక్టర్ ఫర్‌జామ్. "భయం వచ్చిందంటే బీజం నుంచే రావాలి."

"మరి ఆ తండ్రులు నిజంగా బెదిరాయో లేదో ఒకసారి చూద్దామా డాక్టరమ్మా?" అన్నాడు ఆమె శిష్యుడు కేయ్‌వాన్.

"వద్దు. పరీక్ష పెట్టడం కూడా భయపెట్టడమే. అది ఇంకో గుర్తు వేస్తుంది. పిల్లల్నే చూద్దాం."

కేయ్‌వాన్‌కి నోరు ఊరుకోదు. "ఏం అక్కా, టీకి పిలిచినా ఆ గది వదిలి రావు. ఎలుకలతో చుట్టరికం కలిపావా?"

"చుట్టాలు లేనిదాన్ని. కలుపుకోనీ," అందామె నవ్వేసి.

పిల్లలు పెరిగాయి. వాటికి పిల్లలు పుట్టాయి. ఆ మూడో తరాన్ని ఎత్తయిన పలక మీద, వెలుతురులో వదిలారు. బెదిరినవైతే మూలకి నక్కుతాయి. ఇవి అంచుదాకా నడిచి, మీసాలు ఆడిస్తూ కిందికి తొంగి చూశాయి. బీజకణాలూ పరీక్షించారు. పాత గుర్తు ఒక్కటీ లేదు.

"తుడిచేసుకున్నాయి!" డాక్టర్ ఫర్‌జామ్ చిన్నపిల్లలా గెంతింది. గజ్ మిఠాయి డబ్బా తెరిచి అందరికీ పంచింది. మహ్‌రోఖ్ భుజాలు పట్టుకుని ఊపేసింది. "విన్నావా మహ్‌రోఖ్ జాన్? ఎలుకల మాటే అనుకో, అయినా నీకు చెప్పకుండా ఉండలేను. తండ్రులు పడ్డ ఒంటరితనం పిల్లల్ని తాకనే లేదు! నీ గుల్నార్ పసిపిల్ల గనక ఉలిక్కిపడుతోంది, అంతే. వెళ్లి మీ అత్తగారి మొహం మీదే చెప్పు."

"ముందు మిఠాయి తినక్కా. అత్తగారితో యుద్ధానికి ఓపిక కావాలి," అన్నాడు కేయ్‌వాన్.

అందరూ నవ్వారు. మహ్‌రోఖ్ మిఠాయి నోట్లో పెట్టుకుంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి.

"ఏడవనీ పాపం," అంది డాక్టర్. "ఇన్నాళ్ల బరువు దిగింది."

ఎదురుగదిలో ఒంటరిగా ఉంచమన్న ఆ కళ్లు తెరవని పిల్లల్ని మహ్‌రోఖ్ ఏ ఒక్కరోజూ ఒంటరిగా ఉంచలేదు, తల్లి గూట్లో మళ్లీ చేర్చేదాకా తన గుండెల మీద, రవికెలో వెచ్చగా పొదువుకునే కూర్చుంది.