ఇసుకకు ఇస్త్రీ

సాయంత్రం ఆఖరి ట్రిప్పు ముగించుకుని జీపును ఒడ్డు మీది రోడ్డెక్కించబోతూ డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు.

ఎదురుగా ఒక ముసలావిడ. వెడల్పాటి చెక్కకు తాడు కట్టి, ఇసుక మీద ఈడ్చుకుంటూ వస్తోంది.

"మామ్మగారూ, కాస్త పక్కకు! ఇంత జీపు కనిపించడం లేదా?"

"కనిపిస్తోంది నాయనా. నువ్వు పద, నీ వెనకాలే వస్తాను."

అద్దంలో చూశాడు. చక్రాలు కోసిన గాడి వెంట ఆవిడ చెక్క లాగుతోంది. లాగిన చోటల్లా ఇసుక నున్నగా అవుతోంది. ఆవిడ వెనక నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయాయి. మబ్బుల్లో నడుస్తున్నట్టే ఉంది మనిషి.

డ్రైవరుకు నవ్వొచ్చింది.

ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడు. "ఇసుకకు ఇస్త్రీ చేస్తోందే ఆవిడ!"

"నువ్వు నలిపిన దుప్పటి నేను సర్దుతున్నాను, నలిపిన ఇసుక ఆవిడ సర్దుతోంది. ఇద్దరికీ నువ్వు రుణపడ్డావు" అందామె.

ఆ రోజు నుంచి ఆవిడ ఇస్త్రీ మామ్మ అయింది.

ఎనిమిదేళ్లు గడిచాయి. పగలంతా అతను జనాన్ని ఎక్కించుకుని అలల అంచున పరుగులు తీయించేవాడు. పొద్దు వాలగానే ఆవిడ వచ్చేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాడు. "ఎందుకండీ ఈ వెట్టి చాకిరీ? తెల్లారితే మళ్లీ తొక్కిస్తాగా?"

"తొక్కించు. మళ్లీ సర్దుతాను. గాడి లోతుగా ఉంటే చిన్న కాళ్లు ఎక్కలేవు."

ఆడుకునే పిల్లల మాట అనుకున్నాడతను. రాత్రిపూట ఇక్కడ ఆడే పిల్లలెవరని ఆలోచించలేదు.

ఆ ఏడాది తీరం మీద బళ్లు ఉండాలా వద్దా అని పురపాలక సంఘం హాల్లో విచారణ పెట్టారు.

కాలేజీ మాస్టారు లేచి, గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు చక్రాల గాడిలో పడి చచ్చిపోతాయని వాదించాడు.

డ్రైవరు గభాలున లేచాడు. జీపు తప్ప అతనికి వేరే పని రాదు.

"ఎనిమిదేళ్లుగా తోలుతున్నానండీ! చచ్చిన పిల్ల ఒక్కటంటే ఒక్కటి చూపించండి. ఈ రోజే మానేస్తాను. కావాలంటే ఆ మామ్మగారిని అడగండి, రోజూ అక్కడే ఉంటారు."

వెనక వరుసలో ఇస్త్రీ మామ్మ మెల్లగా లేచింది.

"నిజమేనా పెద్దమ్మగారూ? ఒక్కటీ చావలేదా?" అడిగాడు అధికారి.

"ఈ ఎనిమిదేళ్లలో ఒక్కటీ చావలేదు బాబూ. ఎందుకంటే..."

"చాలమ్మా, కూర్చోండి. తర్వాత ఎవరు?"

బళ్లు ఉండొచ్చని తీర్పు వచ్చింది.

బయట మెట్ల మీద డ్రైవరు ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా పొట్ట నిలబెట్టారు మామ్మగారూ!"

"ఇంకో మాట చెప్పాల్సి ఉండింది నాయనా. వాళ్లు వినలేదు. నువ్వైనా..."

"తీరిగ్గా వింటాను. అవతల ట్రిప్పువాళ్లు కాచుకున్నారు."

ఆవిడ నవ్వి, తల ఊపింది.

తర్వాత నాలుగు రోజులు ఆవిడ తీరానికి రాలేదు. నిద్రలోనే పోయిందని టీ కొట్టులో ఎవరో అంటే విన్నాడు. అయ్యో అనుకున్నాడు. ఆ సాయంత్రం కూడా ట్రిప్పులు తోలాడు.

మర్నాడు సూర్యోదయం ట్రిప్పు కోసం తెల్లవారుతుండగా వచ్చాడు. పొగమంచులో సముద్రం ఉందో లేదో తెలియడం లేదు. చప్పుడు మాత్రమే వస్తోంది, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా.

ఇసుకలో ఏదో కదిలింది.

వంగి చూశాడు.

నిన్నటి చక్రాల గాడిలో అరచేతిలో సగం లేని తాబేలు పిల్లలు. ఒకదాని వెనక ఒకటి, బారులు తీరి పాకుతున్నాయి. ఆ గాడే సముద్రానికి దారి అనుకున్నాయి కాబోలు. అది తీరం పొడవునా పోతుందే తప్ప నీళ్ల వైపు తిరగదు.

కొంత దూరం వెళ్లేసరికి కదలనివి కనిపించాయి. ఇంకా ముందు కాకులు వాలి ఉన్నాయి.

అతను అరుస్తూ పరుగెత్తాడు. మోకాళ్ల మీద కూలబడి, బతికున్నవాటిని ఒక్కొక్కటిగా తీసి గట్టు దాటించాడు. అవి చిన్న చిన్న కాళ్లతో ఇసుకను కొట్టుకుంటూ నీళ్లలోకి జారిపోయాయి. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు.

చచ్చినవి లెక్కపెట్టడానికి అతనికి ధైర్యం చాలలేదు.

పురపాలక సంఘం ఆఫీసు తలుపులు తీసే వేళకు వెళ్లి, లైసెన్సు కాగితం గుమాస్తా బల్ల మీద పెట్టాడు.

"ఇదేమిటయ్యా! గెలిచింది నువ్వేగా?"

"తిరిగి తీసుకోండి. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి."

"ఇలా ఇచ్చినవాళ్లు ఎవరూ లేరే! ఎలా రాయాలో ఏమో..." గుమాస్తా బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి మొదటి పేజీ తెరిచాడు. "ఉండు ఉండు, ఒకరున్నారు. యాభై ఒక్క ఏళ్ల కిందట. కారణం కూడా రాశారు. 'నా బండి గాడిలో నలభై పిల్లలు పోయాయి. బతికినన్నాళ్లూ సరిచేసుకుంటాను' అని. ఏమిటో, ఏం పిల్లలో!"

డ్రైవరు రిజిస్టరును తన వైపు తిప్పుకున్నాడు.

ఒకటో నంబరు లైసెన్సు పక్కన అతికించిన ఫొటోలో, ఆ తీరానికి మొట్టమొదట జీపు దింపిన పడుచు పిల్ల స్టీరింగు పట్టుకుని నవ్వుతోంది, అచ్చం ఇస్త్రీ మామ్మ నవ్వే.