ఓటేసేకి సెలవు

“ఒక్క ఓటు కోసం అంత దూరం పోతావా?” పాలిష్ మిషన్ ఆపి అడిగాడు చిన్నన్న.

“పోతా మేస్త్రీ. పదహైదు దినాలు సెలవు కావల్ల. ఓనరుతో నువ్వు ఒక మాట చెప్పు,” అన్నాడు ప్రేమ్ బహదూర్.

ప్రేమ్‌ది నేపాలు. ఇరవయ్యో ఏట బేతంచెర్లకు వచ్చాడు. ఏడేళ్లుగా ఈ బండల ఫ్యాక్టరీలోనే పని. తెలుగు కూడా ఇక్కడే నేర్చుకున్నాడు. యాభై నాలుగేళ్ల చిన్నన్న అక్కడ మేస్త్రీ.

కిందటి సెప్టెంబరులో ప్రేమ్ దేశంలో కుర్రవాళ్లు వీధుల్లోకి వచ్చారు. కాల్పులు జరిగాయి. ప్రభుత్వం పడిపోయింది. ఇప్పుడు మార్చిలో కొత్తగా ఎన్నికలు.

“అంత గలాటా చేసినారే, ఏం మారింది మీ దేశంలో? బియ్యం రేటు తగ్గిందా?”

“యాడ తగ్గింది? మా తమ్ముడు మలేషియా పోయేకి ఇంకా కాగితాలు పట్టుకొని తిరుగుతాండాడు.” ప్రేమ్ కాస్త ఆలోచించాడు. “ముందర వార్డు ఆఫీసుకు పోతే మా నాయనను నిలబెట్టే మాట్లాడేవాళ్లు. ఇప్పుడు కూర్చోమంటాండారంట. మా ఊరి పిల్లోళ్లు కమిటీ పెట్టినారు. ఊరికి ఏ పని వచ్చింది, ఎవరు చేస్తాండారు, అంతా బడి గోడ మీద రాస్తాండారు. అంతే మారింది.”

“అంతేనా?”

“మా వీధి పిల్లోడొకడు ఆ కాల్పుల్లో పోయినాడు మేస్త్రీ. పంతొమ్మిదేండ్లు. వాళ్లమ్మ ఫోన్ చేసి, ‘నువ్వన్నా వచ్చి ఓటెయ్యి’ అనింది.”

చిన్నన్న చేతులు తుడుచుకున్నాడు. “సరేలే, నేను అడుగుతా,” అన్నాడు.

ఓనరు వీరేంద్ర గదిలో ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తి, “ఏం చిన్నన్నా?” అన్నాడు.

నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. పెద్దవాళ్ల ముందు నిలబడితే చిన్నన్నకు మొదటినుంచీ అంతే.

“నీళ్ల ట్యాంకరు ఇంకా రాలేదు సార్.”

“వస్తాదిలే పో.”

బయట ప్రేమ్ ఎదురుచూస్తున్నాడు. చిన్నన్న అతని మొహం చూడకుండా, “కుదరదంటాండాడప్పా. ఆర్డర్లు శానా ఉండాయంట,” అనేసి బండల వైపు వెళ్లిపోయాడు.

ప్రేమ్ చేతులు కడుక్కుని, తనే ఓనరు గదిలోకి వెళ్లాడు. చిన్నన్న పిలిచేలోపే తలుపు పడింది.

కాసేపటికి ఇద్దరూ కలిసి బయటికి వచ్చారు.

“ఏం చిన్నన్నా!” వీరేంద్ర గట్టిగానే అన్నాడు. “పిల్లోడు ఓటేసేకి పోతానంటే నాతో ఒక మాట చెప్పకూడదా? నేనేమన్నా వద్దంటానా?”

ఒక్కొక్క మిషనూ ఆగింది. అందరూ ఇటే చూస్తున్నారు. చిన్నన్న కాళ్ల కింది తెల్లటి బురద వైపు చూస్తూ నిలబడ్డాడు.

“నేనే మేస్త్రీకి చెప్పేది మర్సిపోయినా సార్,” అన్నాడు ప్రేమ్.

ఆ మాటతో చిన్నన్నకు ఇంకా తలెత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ప్రేమ్‌ను భోజనానికి ఇంటికి పిలిచాడు. భార్య తిమ్మమ్మ సంగటి, చెనిక్కాయల పచ్చడి చేసింది. రెండు ముద్దలు తిన్నాక చిన్నన్నే అన్నాడు.

“నేను ఓనరును అడగనే లేదప్పా. నోరు రాలేదు. నీతో అబద్ధం చెప్పినా.”

“తెలుసులే మేస్త్రీ. ఇడిసిపెట్టు. నాకు ఇంకొకటి చెప్పు. నేను ఇంతవరకూ ఓటెయ్యలేదు. ఏమన్నా తప్పు చేస్తానేమోనని భయంగా ఉండాది. నువ్వు ప్రతి ఎలక్షనుకూ మీ ఊరికి పోతావు కదా, ఎట్లుంటాది?”

అది నిజమే. ఏ ఎన్నిక వచ్చినా చిన్నన్న పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందురోజే సొంత ఊరి బస్సెక్కేవాడు.

“పొద్దున్నే పోవల్ల,” అని మొదలుపెట్టాడు. “బడికాడ రెండు వరసలుంటాయి. ఆడోళ్లది ఒకటి, మొగోళ్లది ఒకటి. చీటీ చేతిలో పట్టుకోవల్ల. ఎండకు నెత్తిన టవలు కప్పుకో. ఎనకాలోడు తోసినా నీ జాగా ఇడవొద్దు. పోలీసాయన ఒక్కొక్కర్నే పంపిస్తాడు.”

“లోపలికి పోయినాక?”

“లోపల… లోపల అంతా వాళ్లే చెప్తార్లేప్పా.”

వడ్డిస్తున్న తిమ్మమ్మ చెయ్యి ఆగింది. “బాగా చెప్తాండావు,” అంది మొగుణ్ణి చూసి. గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఫ్యాక్టరీలో జరిగినదానికి ఆమెకు ఇంకా కోపంగా ఉందనుకున్నాడు ప్రేమ్. మర్నాడు డోన్‌లో, నేపాలు సరిహద్దు దగ్గరి గోరఖ్‌పూర్‌కు రైలెక్కాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, పనివాళ్లంతా అన్నం తింటుంటే వీడియో కాల్ వచ్చింది. తెరనిండా ప్రేమ్ ఎడమ బొటనవేలు, గోటి మీద సిరా.

“ఏసినా మేస్త్రీ! ఓటేసినా!”

అందరూ చిన్నన్న చుట్టూ మూగారు. వీరేంద్ర కూడా వచ్చి భుజాల మీదుగా తొంగిచూశాడు.

“కాల్పుల్లో పోయిన ఆ పిల్లోని అమ్మ ఆడోళ్ల వరసలో నాకు ఎదురుగానే నిలబడింది. ఏడ్సలేదు. మాకు కాగితం మీద ముద్దర గుద్దేది కదా, ఆ ముద్దర పట్టుకుంటే నాకు ఒకటే వణుకు,” ప్రేమ్ నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. “మొదటిసారి నీకూ చెయ్యి వణికిందా మేస్త్రీ?”

అందరూ జవాబు కోసం చూస్తున్నారు.

“వణికిందప్పా,” అన్నాడు చిన్నన్న.

ఫోను పక్కవాడి చేతిలో పెట్టి, తింటున్న అన్నం వదిలేసి, నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయాడు. అక్కడే చాలాసేపు ఎవరికీ మొహం కనపడకుండా నిలబడ్డాడు.

ఇన్నేళ్లలో ప్రతిసారీ, చిన్నన్న వరుసలో ఉండగానే అతని ఓటు ఎవరో వేసేశారు.