అధ్యక్షులవారు ఏమీ అనలేదు

ఆదివారం సభకు వేళయింది. సెక్రటరీ దుర్గారావు అధ్యక్షులు గురునాథం గారిని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని తీసుకొచ్చి, పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాడు. చామంతి దండ వేశాడు. అందరూ లేచి దండం పెట్టారు.

రాయ్‌పూర్, దేవేంద్ర నగర్‌లోని ఈ తెలుగు సంఘానికి ఒక కార్యవర్గం ఉంది. కార్యం తక్కువ, వర్గం ఎక్కువ. అదీ ఒకటి కాదు, రెండు. ఆంధ్ర నుంచి వచ్చిన రైల్వేవాళ్లు, తెలంగాణ నుంచి వచ్చిన స్టీలువాళ్లు. వాళ్లు పట్టాలు దిగరు, వీళ్లు కరగరు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజుల్లో సంఘం నియమావళి రాసుకున్నారు. దాని ప్రకారం కార్యవర్గం ఏ తీర్మానమైనా చేయొచ్చు. కానీ అధ్యక్షుడు అదే సభలో "ఆపండి" అంటే ఆపాల్సిందే. అనలేదో, ఆమోదించినట్టే. ఢిల్లీలో రాష్ట్రపతికి కూడా ఇంత సుఖం లేదు!

ఒకప్పుడు గురునాథం గారు "ఆపండి" అంటే తీర్మానమేం ఖర్మ, తిరిగే ఫ్యాను కూడా ఆగేది. అప్పట్లో కార్యవర్గం ఆయన్ను నియంత అని తిట్టుకునేది. మూడేళ్లుగా ఆయన దేన్నీ ఆపడం లేదు. ఇప్పుడు అదే కార్యవర్గం ఆయన్ను దేవుడంటోంది.

ఆ రోజు తీర్మానం ఒక్కటే. హాలు వెనక గదిని భన్‌పురిలోని ఒక ట్రాన్స్‌పోర్టు వ్యాపారికి గోడౌనుగా ఇచ్చేయడం.

వెనక వరసలో ఉన్న సూరిబాబు ముందుకు జరిగి కూర్చున్నాడు. అతని భార్య భాగ్యశ్రీ ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పేది ఆ గదిలోనే. ఇన్నాళ్లూ అక్కడ 'అ' అంటే అమ్మ. ఇక మీదట 'అ' అంటే అద్దె.

"మరి పిల్లలు ఎక్కడ కూర్చుంటారండీ?" అన్నాడు లేచి.

"అరే భయ్యా, యూట్యూబ్‌ల నేర్చుకుంటరు," అన్నాడు కోశాధికారి దానయ్య. ఈయన నిధులు కోసే తీరు చూశాకే ఆ పదవికి ఆ పేరు పెట్టి ఉంటారు.

సూరిబాబు పెద్ద కుర్చీ వైపు తిరిగాడు.

"గురునాథం గారూ! ఆ గది మీరు దగ్గరుండి కట్టించారు. ఒక్కసారి ఆపండి అనండి సార్!"

గురునాథం గారు చిరునవ్వు నవ్వుతూనే ఉన్నారు.

"పెద్దాయన్ని ఎందుకు ఇబ్బంది పెడతావ్ సూరిబాబూ? ప్రశాంతంగా ఉండనీ," అన్నాడు దుర్గారావు.

"అభ్యంతరముంటే ఆయనే చెప్తుండె గద!" అన్నాడు దానయ్య.

సూరిబాబుకు ఒళ్లు మండింది.

"అయితే ముందు అధ్యక్షుల మీద అవిశ్వాసం పెడుతున్నా. నోరున్న మనిషిని ఎన్నుకోండి. దానయ్య గారూ, మీరే కూర్చోండి!"

"స్టీలువాళ్లా? కుదిరే పని కాదు!" దుర్గారావు కుర్చీలోంచి లేచాడు.

"పోనీ దుర్గారావు గారు?"

"రైల్వేనా? నహీ చలేగా!" దానయ్య బల్ల చరిచాడు. "అయినా ఈయనకేం తక్కువ? కోపం లేదు, ఖర్చు లేదు, మనం పెట్టిన చాయ్ కూడా ముట్టడు."

అంటూ, అధ్యక్షులవారి ముందు పెట్టిన చాయ్ తనే అందుకుని తాగేశాడు.

అవిశ్వాసం ఓడిపోయింది. సంఘం పుట్టాక రెండు వర్గాలూ కలిసి చేతులెత్తడం అదే మొదటిసారి. ఆ ఐకమత్యానికి కొందరి కళ్లు కూడా చెమర్చాయి.

తర్వాత గది తీర్మానం. దుర్గారావు ఆనవాయితీ ప్రకారం పెద్ద కుర్చీ వైపు తిరిగి, వినయంగా కాసేపు ఆగాడు. వెనక గదిలో భాగ్యశ్రీ గోడ మీది అక్షరాల చార్టు పట్టుకుని నిలబడిపోయింది, తీయాలో ఉంచాలో తెలియక.

"అధ్యక్షులవారు ఏమీ అనలేదు. ఆమోదించడమైనది!"

తీరూ లేదు, మానమూ లేదు. తీర్మానం మాత్రం అయిపోయింది.

చప్పట్లు మోగాయి. భాగ్యశ్రీ చార్టు చుట్టేసింది. జనం సమోసాల వైపు కదిలారు.

దుర్గారావు దండ తీసి, ఫ్రేము అద్దాన్ని చేతిరుమాలుతో తుడిచి, స్వర్గీయ గురునాథం గారిని మళ్లీ గోడ మేకుకు తగిలించాడు.