మంచినీళ్ళ గొట్టం

మూడోసారి కూడా డ్రిల్లు రాడ్డు ఏటి అడుగున ఇరుక్కుపోయింది.

హందోయో తల పట్టుకుని కూలబడ్డాడు. కూలీలు ఆయన్ని వెనకాల బురద డాక్టరు అంటారు. జావా ఉత్తర తీరంలో బంకమట్టి రాడ్డును జలగలా పట్టేస్తుంది. అది అంటకుండా చిక్కటి బురద ద్రావణం కలిపి లోపలికి పంపడమే ఆయన పని. అందులో కలిపే పొడి మార్చాడు, పాళ్ళు మార్చాడు. పొద్దున గంజిలా కుదిరేది, భోజనాలయ్యాక కలిపితే విరిగిపోయేది. ఎండ వల్లేమోనని నీళ్ళ ట్యాంకు చుట్టూ తడికలు కట్టించాడు. లాభం లేకపోయింది.

"నీళ్ళేమో సార్?" అన్నాడు డ్రిల్లర్ రుక్మిన్.

"ఉప్పు తగిలితే బురద విరుగుతుందని నాకు చెప్తావా? పట్నం ట్యాంకరు రాగానే రోజూ నేనే నోట్లో పోసుకుని చూస్తున్నా. కొబ్బరినీళ్ళేరా అవి!"

సముద్రం మీదికొచ్చి ఊరి బావులు ఎప్పుడో ఉప్పగా మారాయి. అవతలి ఒడ్డు నుంచి మంచినీళ్ళు రావాలంటే ఏటి కింద ఈ గొట్టం పడాలి. ఈసారీ కుదరకపోతే మిషన్ వెనక్కి తెచ్చేయమని కంపెనీ ముందే చెప్పింది.

పాపం, ఊరివాళ్ళు మంచివాళ్ళు. మధ్యాహ్నం కాపలావాడితో సహా అందరినీ వార్తినా తన పాకహోటల్లో కూర్చోబెట్టేది. ఒక పట్టాన లేవనిచ్చేది కాదు.

"ఇంకో చేపముక్క వేసుకో తమ్ముడూ. అంత తొందరేం, కొంపలు మునిగిపోతున్నాయా?"

"ఈ ఊళ్ళో నిజంగానే మునుగుతున్నాయిగా అక్కా!" అనేవాడు రుక్మిన్. అందరూ నవ్వేవారు.

ఇవాళ ఎవరూ నవ్వలేదు. మిషన్ లారీ ఎక్కింది. హందోయో వార్తినా హోటల్లో ఆఖరి టీ తాగుతున్నాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తారు తమ్ముడూ?"

"ఇంక రామక్కా. ఈ మట్టితో నా వల్ల కాలేదు."

ఆవిడ భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంది. ఈ ఊరికి ఇంక గొట్టం రాదు. హందోయో గ్లాసులో మిగిలిన టీ తాగేశాడు.

"ఊళ్ళో బావులన్నీ ఉప్పే కదా. మరి నీ టీ ఇంత బాగా ఎలా కుదురుతుందక్కా?" అన్నాడు.

వార్తినా తల దించుకుంది.

బురద కలపడానికి ఏ నీళ్ళైతేనేమని, వీళ్ళు భోంచేస్తున్నంతసేపూ ఊరి ఆడవాళ్ళు ట్యాంకులోంచి తోడుకుని, మట్టం తగ్గకుండా బావి నీళ్ళు పోసి తెచ్చిన మంచినీళ్ళు, ఆవిడ వెనక కుండల్లో ఇంకో వారానికి సరిపడా ఉన్నాయి.