నీటిపై తేలిన సాక్ష్యం

“అమ్మా, మా డిస్ట్రాయర్ ఓడ చరిత్రలో ఆ గెలుపు రాశారా?”

నౌకాదళ రికార్డుల ఆఫీసు గుమాస్తా తలుపు తీసేసరికి చెవుల తాత ఎదురుగా ఉన్నాడు. యుద్ధంలో ఆ ఓడ మీద చెవులకు గొట్టాలు తగిలించుకుని, నీళ్లలో జలాంతర్గాముల చప్పుడు వినే పని ఆయనది. ఇప్పుడు పక్కన నిలబడి అరిచినా సగమే వినిపిస్తుంది. పేరు మాత్రం అతుక్కుపోయింది.

ఆమె గబగబా వెనక్కి వెళ్లి బల్ల మీది రెండు ఫైళ్లనూ బోర్లించింది. మూడు నెలలుగా ఆ ఓడ సర్వీసు చరిత్ర రాస్తోంది. నీళ్లలోకి దిగిన తేదీ, కాపలా కాసిన సరుకు ఓడలు, తిన్న దెబ్బలు, చివరికి తుక్కు కింద విరగ్గొట్టిన రేవు. అంత బతుక్కీ ఒకే ఒక్క గెలుపు, శత్రు జలాంతర్గామిని ముంచడం.

“రాస్తున్నా తాతగారూ, కూర్చోండి. మునిగిందనడానికి రుజువేమిటని పైవాళ్లు అడుగుతున్నారు.”

“రుజువంటే పైకి తేలిన సరుకే. పది నీటిబాంబులు వేశాం. కాసేపటికి నూనె వచ్చింది, చెక్కముక్కలు వచ్చాయి. అవి వలేసి ఏరి చూపిస్తేనే ముంచినట్టు ఒప్పుకునేవారు. వల పట్టింది నేనే. తలా ఒకటి గుర్తుగా దాచుకున్నాం.” జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. మూత చుట్టూ మైనం పూసి ఉంది. “ఇది నా వంతు.”

“గొప్ప రోజే అయ్యుంటుంది.”

“డెక్కు మీద అందరూ గంతులేశారు.” డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాడు. “మరి మా తమ్ముడి సంగతి?”

ఏ వారం వచ్చినా రెండో ప్రశ్న ఇదే. తమ్ముడు సొంత నౌకాదళంలోనే, జలాంతర్గామి మీద పనిచేశాడు. ఆ గెలుపు వచ్చిన ఏడాదే వెళ్లి తిరిగి రాలేదు. ‘గల్లంతు’ అని ఒక్క ముక్క రాసి ఆఫీసు చేతులు దులుపుకుంది.

“నేను తొండి చేస్తానని వాడి అనుమానమమ్మా,” అని నవ్వాడు తాత. “మా నాన్న చెక్కిన చదరంగం. ఆట సగంలో ఉండగా ఓడెక్కమని వాడికి కబురొచ్చింది. ‘నేను లేనప్పుడు ఎత్తులు మార్చేస్తావు అన్నయ్యా’ అని నా గుర్రాన్ని జేబులో వేసుకుపోయాడు. బల్ల ఇంకా అలాగే ఉంది. మా ఆవిడ దుమ్ము తుడవబోయినా ఇల్లెగిరిపోయేలా అరుస్తాను.”

ఆమెకు నవ్వు రాలేదు. బోర్లించిన రెండో ఫైలు ఆ తమ్ముడి జలాంతర్గామిదే. నిన్ననే దొరికింది. అది చివరిసారి కబురు పంపిన చోటూ, డిస్ట్రాయర్ బాంబులు వేసిన చోటూ ఒకటే. తేదీ కూడా అదే. శత్రువుల వైపు ఆ రోజు ఒక్క జలాంతర్గామీ పోలేదు.

చెబితే ఈ ముసలాయన ఏమైపోతాడు? చప్పుడు విని ‘ఇక్కడే’ అని చూపించిన మనిషి ఈయనే.

“దొరికింది తాతగారూ,” అంది గొంతు పెంచి. “తుఫానులో మునిగిందట. మీ ఓడకి చాలా దూరంగా. మీ గెలుపు తర్వాత రెండు వారాలకి.”

“కాగితం ఉందా?”

“ఉంది. బయటివాళ్లకి చూపించకూడదు.”

“తుఫాను,” అన్నాడు తాత. చాలాసేపు ఆమె మొహంలోకే చూశాడు. “అయితే ఎవరి తప్పూ లేదన్నమాట.”

“ఎవరి తప్పూ లేదు.”

“మీది మంచి మనసమ్మా.” కర్ర ఊతంతో లేచి, డబ్బాను బల్ల మీద పెట్టాడు. “ఇది ఫైల్లో ఉంచండి. నేనిక రాను.”

మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా ఆమె కదల్లేదు. గండం గడిచిందనుకుంది. రెండో ఫైలును బీరువా అడుగుకి తోసి తాళం వేసింది. తర్వాత, రుజువుగా ఏం దొరికిందో రాసుకుందామని కలం తీసి, గోటితో మైనం గీకి మూత తెరిచింది.

లోపల చెక్క గుర్రం ఉంది.