తొందర లేని పందికొక్కు

ముసురు రోజుల్లో పిల్లల ఆకలి చూడలేక చారమ్మ అనే ఉడుత ఇద్దరి దగ్గర పల్లీలు అప్పు తెచ్చింది. కాకికి తీసుకున్నన్ని తిరిగిస్తే చాలు. కానీ అది తెల్లారకుండానే వాలి, తోటంతా వినేలా అరిచేది. పందికొక్కు అప్పేమో పున్నమి పున్నమికీ పిల్లలు పెట్టేది. మాట మాత్రం తేనె. "తొందరేముంది తల్లీ! ఈ నెలకి గుప్పెడు పడెయ్, చాలు" అనేది.

కాకి నోటికి జడిసి చారమ్మ ఏరినవన్నీ దానికే పోసేది. పందికొక్కుకి గుప్పెడే. ఒక పున్నమినాడు చూసుకుంటే, నెలనెలా ఇస్తూ వచ్చినా పందికొక్కు బాకీ తెచ్చినదానికి రెట్టింపైంది. చారమ్మకి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు కాకి రాగానే, "అరుచుకో బావా! నువ్వెంత అరిచినా నీ బాకీ పెరగదుగా. ఇకనుంచి నీకే గుప్పెడు" అంది. మిగతావన్నీ నెలనెలా పందికొక్కు కలుగులో కుమ్మరించింది.

ఆఖరి మూట దించేసరికి పందికొక్కు మొహం వాడిపోయింది. "ఇంత తొందరేమొచ్చింది తల్లీ?"

"నీకు లేదనే మామా, నేను తొందరపడింది!" అని చారమ్మ తోక నిటారుగా ఎత్తి కొమ్మ మీదికి ఒక్క గెంతు గెంతింది.

పైన కాకి ఇంకా అరుస్తూనే ఉంది. చారమ్మకి అది పెళ్లి మేళంలా వినిపించింది.